పట్టేసిన డర్ట్ బైక్ ఇంజిన్: దెబ్బ ఎక్కడ తగిలింది, ఎందుకు తగిలింది, ఎంతవరకు విప్పాలి

డర్ట్ బైక్ ఇంజిన్ పట్టేసిందని, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయి తిరగడం ఆగిందని తేలగానే చాలామంది మొదట కొత్త పిస్టన్ కిట్ కోసం వెతుకుతారు. హెడ్ విప్పి, సిలిండర్ తీసి, గీతలు పడిన పిస్టన్ స్థానంలో కొత్తది పెట్టి, గాస్కెట్లు మార్చి బిగిస్తారు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కొన్ని గంటలు బాగానే నడుస్తుంది, ఆ తరువాత అదే విధంగా మళ్లీ పట్టేస్తుంది. పిస్టన్ తనంతట తాను చెడిపోవడం అరుదు. ఎక్కడో క్రాంక్ సీల్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు చివరల దగ్గర గాలి, నూనె కారకుండా ఆపే రబ్బరు వలయం) గట్టిపడి గాలి పీలుస్తూ ఉంటుంది, లేదా కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు పైపుకు పగులు వచ్చి ఉంటుంది, లేదా ఎయిర్ ఫిల్టర్ అంచు పక్క నుంచి సన్నని దుమ్ము నెలల తరబడి లోపలికి పోతూ ఉంటుంది. ఆ కారణం దొరకకుండా చేసిన మరమ్మతు, ఎంత శ్రద్ధగా చేసినా, సగం పనే. అందుకే విడిభాగాలు మార్చే పద్ధతి కంటే, దెబ్బతిన్న భాగాన్ని చూసి కారణాన్ని చదివే పద్ధతికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఈ ఇంజిన్ల మీద పడే భారం ఎంతటిదో ముందు గుర్తుంచుకోవాలి. మోటోక్రాస్ పందేల కోసం తయారయ్యే 250 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 13,000 చుట్ల దాకా తిరుగుతుంది. స్ట్రోక్ 53 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ వేగంలో పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 23 మీటర్లు ప్రయాణిస్తుంది. ప్రతి సెకనులోనూ 430 సార్లకు పైగా పూర్తిగా ఆగి, దిశ మార్చుకుని మళ్లీ పరుగెడుతుంది. బరువు తగ్గించడానికి పిస్టన్ స్కర్టును, అంటే రింగుల కింద ఉండే పక్క గోడను, పొట్టిగా చేస్తారు. నూనె చాలా మోడళ్లలో లీటరుకు అటూ ఇటూగా మాత్రమే పడుతుంది, ఎక్కువ మోడళ్లలో ఆ కాస్త నూనెతోనే గేర్‌బాక్సు, క్లచ్ కూడా తడవాలి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో అయితే క్రాంక్ బేరింగులకు విడిగా నూనె ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిల్ మాత్రమే వాటికి ఆధారం. అందుకే తయారీదారుల మాన్యువళ్లలో పిస్టన్, రింగులు మార్చాల్సిన గడువును కిలోమీటర్లలో కాకుండా నడిచిన గంటల్లో ఇస్తారు. ఆ గంటల లెక్క రాసిపెట్టుకోని బైక్‌కు పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అది అరుగుదల వల్ల వచ్చిందా, వేరే లోపం వల్ల వచ్చిందా అని తేల్చడం చాలా కష్టమవుతుంది.

విప్పకముందే తెలిసేవి

ఇంజిన్ ఆగిపోయిన తీరు సగం సమాచారం ఇస్తుంది. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, వేడెక్కక ముందే గట్టిగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు పట్టేసిందంటే, పిస్టన్ త్వరగా వ్యాకోచించి, సిలిండర్ ఇంకా చల్లగా ఉండి, రెండింటి మధ్య ఖాళీ మాయమైందని అనుమానించాలి. టూ స్ట్రోక్ బైక్ చాలాసేపు పూర్తి థ్రాటిల్ మీద వెళ్లి, థ్రాటిల్ మూసిన క్షణంలో వెనుక చక్రం బిగుసుకుపోయిందంటే, వేగం ఇంకా ఎక్కువగా ఉండగానే పెట్రోలుతోపాటు నూనె రావడం కూడా ఆగిపోయిందని అర్థం. వాగు దాటుతుండగా ఆగిపోతే నీటిని అనుమానించాలి. కొన్ని వారాలుగా కిక్ మీద స్టార్ట్ కావడం కష్టమవుతూ వచ్చి, చివరికి ఆగిపోయిన ఫోర్ స్ట్రోక్ అయితే దృష్టి వాల్వుల మీదికి వెళ్లాలి. బైక్ నడిపిన వారిని ఈ వివరాలు ఓపికగా అడిగి రాసుకోవడం స్పానర్ పట్టుకోవడం కంటే ముందు జరగాలి.

ఆగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ మళ్లీ కిక్ కొట్టి చూడడం, గేరులో వేసి తోయడం చాలా నష్టం చేస్తాయి. లోపల విరిగిన రింగు ముక్క ఉంటే, ఆ కొద్ది చుట్లలోనే సిలిండర్ గోడ చీరుకుపోతుంది. నీరు చేరి ఉంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి, న్యూట్రల్‌లో ఉంచి, ఫ్లైవీల్ కవరు విప్పి, ఫ్లైవీల్ నట్టు మీద స్పానర్ పెట్టి బిగిసే దిశలో నెమ్మదిగా తిప్పి చూడాలి. కవరు విప్పినప్పుడే ఫ్లైవీల్ లోపలి అయస్కాంతం ఊడి స్టేటర్‌కు (కదలకుండా ఉండే కరెంటు చుట్టల భాగానికి) అడ్డుపడిందేమో, స్టేటర్ స్క్రూ వదులై లోపల ఇరుక్కుందేమో గమనించాలి. పిస్టన్ పట్టేసిందని తీర్మానించిన ఇంజిన్లలో కొన్ని నిజానికి ఇలాంటి చిన్న కారణాలతో ఆగినవే ఉంటాయి. కిక్ గేరు ఇరుక్కుపోవడం, గేర్‌బాక్సులో పన్ను విరిగి రెండు గేర్ల మధ్య పడడం కూడా బయటి నుంచి చూస్తే అచ్చం పిస్టన్ పట్టేసినట్టే ఉంటాయి.

తీసిన ప్లగ్‌ను భూతద్దం కింద చూడాలి. దాని పింగాణీ మీద చిన్న చిన్న వెండి రంగు చుక్కలు అంటుకుని ఉంటే, అది కరిగిన పిస్టన్ అల్యూమినియం. ప్లగ్ నల్లగా, జిడ్డుగా తడిసి ఉండి, గేర్ ఆయిల్ మట్టం కూడా తగ్గి, అంతకుముందు తెల్లటి పొగ వచ్చి ఉంటే, టూ స్ట్రోక్‌లో క్లచ్ వైపున్న క్రాంక్ సీల్ పోయి గేర్‌బాక్సు నూనెను ఇంజిన్ తాగుతోందని గట్టిగా అనుమానించవచ్చు.

తరువాత నూనె. దాన్ని శుభ్రమైన ట్రేలోకి దించి, తెల్లటి గుడ్డ గుండా వడకట్టి, గుడ్డ మీద మిగిలినదాన్ని వెలుతురులో పరచి చూడాలి. అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు: బేరింగ్ రోలర్లో, గేరు పళ్లో, కామ్ చైనో. అంటుకోకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం: పిస్టన్ లేదా కేసు (క్రాంక్, గేర్లు ఉండే ఇంజిన్ కింది పెట్టె). బంగారు రంగు పొడి కనిపిస్తే ఏదో కంచు బుష్ లేదా వాషరు అరుగుతోంది. గోధుమ రంగు మెత్తటి పొడి క్లచ్ ప్లేట్లది, దానికి అంతగా కంగారు పడనక్కర్లేదు. నూనె పాలు కలిపిన టీ రంగులోకి మారితే కూలెంట్ కలిసినట్టే. నీటి పంపు సీలు, ఫోర్ స్ట్రోక్ అయితే హెడ్ గాస్కెట్ కూడా పరీక్షించాలి. రేకుల్లాంటి ఉక్కు ముక్కలు దొరికాయంటే, ఇంకే పరీక్షా అక్కర్లేకుండానే ఇంజిన్ దించి కేసు విప్పాల్సి ఉంటుందని తెలిసిపోతుంది.

గాలితో చేసే రెండు పరీక్షలు

ఇంజిన్ తిరుగుతూ ఉంటే చాలామంది కంప్రెషన్ గేజ్ పెట్టి అంకె చూసి నిర్ణయానికి వస్తారు. ఈ పరీక్షలో థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పెరగని వరకు కిక్ కొట్టాలి. టూ స్ట్రోక్‌లో ఇది పనికొస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో మాత్రం కిక్ సులభంగా తగలడం కోసం, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మీద ఆటో డీకంప్రెసర్ ఉంటుంది. అది తక్కువ వేగంలో ఎగ్జాస్ట్ వాల్వును కాస్త తెరిచి ఉంచుతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా తక్కువ అంకె చూపుతుంది. ఆ అంకెను నమ్మి హెడ్ విప్పినవారు అనవసరంగా విప్పినట్టే. ఫోర్ స్ట్రోక్‌కు లీక్ డౌన్ పరీక్షే సరైనదని నా నిశ్చితాభిప్రాయం.

లీక్ డౌన్‌లో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైచివర నిలిపి, ప్లగ్ రంధ్రం గుండా సాధారణంగా 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గాలి పంపి, అందులో ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. గాలి తోసినప్పుడు క్రాంక్ హఠాత్తుగా తిరగవచ్చు, కనుక ఫ్లైవీల్ నట్టును గట్టిగా పట్టి ఉంచి, చేతులు ఇరుక్కునే చోట్ల పెట్టకుండా చేయాలి. పది శాతం లోపు కారితే ఇంజిన్ బాగున్నట్టే. ఇరవై దాటితే విప్పక తప్పదు. అయితే ఈ పరీక్షలో విలువైనది అంకె కంటే శబ్దం. సైలెన్సర్ దగ్గర చెవి పెడితే బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ లేదా థ్రాటిల్ బాడీ నుంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, కేసు బ్రీదర్ పైపు నుంచి వస్తే రింగులు. రేడియేటర్ మూత తీసి చూసినప్పుడు కూలెంట్‌లో బుడగలు తేలితే హెడ్ గాస్కెట్ పోయింది, లేదా హెడ్ పగిలింది.

టూ స్ట్రోక్‌కు మరో పరీక్ష ఉంది, అది ఎక్కువమంది వదిలేసేది. ఇన్‌టేక్‌ను, ఎగ్జాస్ట్ పోర్టును రబ్బరు బిరడాలతో మూసి, లోపలికి సుమారు 6 పీఎస్ఐ గాలి పంపి వదిలేయాలి. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతుంటే ఎక్కడో గాలి కారుతోంది. సబ్బు నీళ్లు చల్లుకుంటూ వెళ్తే సిలిండర్ అడుగు గాస్కెట్ దగ్గరో, రీడ్ వాల్వు (ఇన్‌టేక్‌లో ఒకే దిశలో పోనిచ్చే పలుచని రేకుల వాల్వు) దగ్గరో, ఫ్లైవీల్ వెనుక ఉన్న సీలు దగ్గరో బుడగలు వస్తాయి. బయటి నుంచి లోపలికి గాలి పీల్చుకునే చోటు ఏదైనా ఉంటే, పెట్రోలు మిశ్రమం పలుచబడి (గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై), దానితో వచ్చే నూనె కూడా తగ్గి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఈ పరీక్షను సిలిండర్ విప్పకముందే చేయాలి, ఎందుకంటే ఒక్కసారి గాస్కెట్లు ఊడదీస్తే ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. పిస్టన్ తలకు రంధ్రం పడిన ఇంజిన్‌లో కూడా ఇది చేయవచ్చు. గాలి పిస్టన్ పైకి వెళ్లినా, ప్లగ్ బిగించి ఉన్నంతవరకు అక్కడి నుంచి బయటికి పోదు.

పిస్టన్‌ను చదవడం

సిలిండర్ పైకి లాగిన తరువాత పిస్టన్‌ను వెంటనే తుడిచేయకూడదు. బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉందో లేదో ముందు చూసి, ఆ తరువాత వెలుతురు ఒక పక్క నుంచి పడేలా పట్టుకుని, నాలుగు వైపులా నెమ్మదిగా తిప్పి చూడాలి. గీతలు ఎక్కడ పడ్డాయన్నదే ఇక్కడ ప్రధాన సమాచారం.

స్కర్టు మీద నాలుగు మూలల్లా, ఒకదానికొకటి ఎడంగా నాలుగు నిలువు పట్టీలుగా గీతలు పడితే, అది ఇంజిన్ వేడెక్కక ముందే పట్టేసిన పిస్టన్. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్ను రంధ్రాల చుట్టూ లోహం మందంగా ఉంటుంది కాబట్టి ఆ మూలలు ఎక్కువగా ఉబ్బి ముందుగా గోడను తాకుతాయి. గీతలు ఎగ్జాస్ట్ వైపే ఎక్కువగా ఉంటే, పిస్టన్‌లో అత్యంత వేడిగా ఉండే ఆ వైపున నూనె పొర కాలిపోయింది. పలుచని మిశ్రమం, గాలి లీకు, నూనె తక్కువ కలపడం, వీటిలో ఏదో ఒకటి కారణం. చుట్టూ సమానంగా గీతలు పడితే కూలెంట్ లేక మొత్తం ఇంజిన్ వేడెక్కిందని, లేదా బోర్‌కు (సిలిండర్ లోపలి రంధ్రానికి) పిస్టన్ మరీ బిగుతుగా పెట్టారని భావించాలి. ఇన్‌టేక్ వైపు స్కర్టు మెరుపు పోయి, సన్నటి నిలువు గీతలతో బూడిద రంగుకు తిరిగితే, ఆ పిస్టన్ దుమ్ము తిన్నది. ఇలాంటి పిస్టన్ ఒక్కసారిగా పట్టేయదు. స్కర్టు పలుచబడి, అటూ ఇటూ కొట్టుకుని, చివరికి ఇన్‌టేక్ వైపు స్కర్టు ముక్కలై కింద కేసులో పడుతుంది. పెద్ద దెబ్బల్లో కెల్లా పెద్దది ఇదే.

పిస్టన్ తల మీద గుర్తులు వేరే కథ చెబుతాయి. అంచుల వెంట, ముఖ్యంగా హెడ్‌కు దగ్గరగా వచ్చే భాగంలో, ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలు పడితే, రింగుల గట్లు విరిగితే, అది డిటోనేషన్. అంటే స్పార్క్ పడిన తరువాత, మంట ఇంకా చేరని మిశ్రమం ఒత్తిడికి తానే పేలిపోయింది. నాణ్యత తక్కువ పెట్రోలు, ఎక్కువ ముందుకు జరిపిన ఇగ్నిషన్ టైమింగ్, పలుచని మిశ్రమం దీనికి సాధారణ కారణాలు. తల మధ్యలో అంచులు కరిగిన రంధ్రం ఉంటే అది ప్రీ ఇగ్నిషన్. స్పార్క్ రాకముందే ఎర్రగా కాలిన ప్లగ్ మొననో, కార్బన్ ముద్దనో మిశ్రమాన్ని అంటించింది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుడు మొదలై, లోహం తట్టుకోలేక కరిగిపోయింది. ప్లగ్ వేడి శ్రేణి తప్పుగా ఎంచుకున్నప్పుడు ఇలా జరగవచ్చు. డిటోనేషన్ చాలాసేపు సాగితే అదే ప్రీ ఇగ్నిషన్‌కు దారి తీస్తుంది కనుక రెండు గుర్తులూ ఒకే పిస్టన్ మీద కనిపించడం కూడా ఉంది. చివరగా పిస్టన్‌ను తలకిందులు చేసి లోపలి వైపు చూడాలి. తల అడుగున నూనె నల్లగా మాడి గట్టిపడి ఉంటే, ఆ పిస్టన్ చాలాకాలంగా అవసరానికి మించిన వేడిలో నడిచింది.

సిలిండర్ దక్కుతుందా

పాత ఇంజిన్లలో సిలిండర్ లోపల పోత ఇనుము లైనరు ఉండేది. గీతలు పడితే లేత్ షాపులో బోరు వేయించి, ఓవర్‌సైజు పిస్టన్ పెట్టుకునేవారు. ఇప్పటి డర్ట్ బైక్‌లలో ఎక్కువ వాటికి అల్యూమినియం గోడ మీదే నికసిల్ వంటి పూత ఉంటుంది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి విద్యుత్ పద్ధతిలో పూసే ఈ పూతను జర్మనీకి చెందిన మాలె సంస్థ 1967లో వాంకెల్ రోటరీ ఇంజిన్ల కోసం రూపొందించింది. పూత చాలా గట్టిది, కానీ దాని మందం మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. దాన్ని బోరు వేస్తే పూతే పోతుంది. అందువల్ల పెద్ద సైజుకు వెళ్లాలంటే మళ్లీ పూత పూయించక తప్పదు.

అయితే పట్టేసిన సిలిండర్‌లో గీతల్లా కనిపించేవన్నీ గీతలు కావు. చాలాసార్లు పిస్టన్ అల్యూమినియమే కరిగి పూత మీద అంటుకుని ఉంటుంది. గోరుతో అడ్డంగా గీస్తే, గోరు ఎత్తైన గట్టుకు తగులుతోందా, లోతైన గాడిలో పడుతోందా అన్నది తెలుస్తుంది. అంటుకున్న అల్యూమినియాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కరిగించవచ్చు. దూది పుల్లతో ఆ మచ్చ మీద మాత్రమే రాస్తే నురగ వస్తుంది. తుడిచి మళ్లీ రాయాలి. నురగ ఆగిపోతే కింద పూత బయటపడినట్టు. అల్యూమినియం మచ్చ పోయిన తరువాత కూడా అదే చోట నురగ ఆగకపోతే, అక్కడ పూత లేచిపోయి యాసిడ్ అసలు సిలిండర్‌నే తింటోందని అర్థం, వెంటనే ఆపాలి. ఈ పని ఆరుబయట, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. పోర్టుల అంచులకు, గాస్కెట్ కూర్చునే తలానికి యాసిడ్ తగలకూడదు. పని అయ్యాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. శుభ్రమైన సిలిండర్‌ను బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిశల్లో కొలిచి, మాన్యువల్‌లోని హద్దులతో పోల్చిన తరువాతే అది పనికొస్తుందో లేదో చెప్పాలి. కంటికి మెరిసే బోర్ కొలతలో గుండ్రతనం కోల్పోయి ఉండడం మామూలే.

కేసు విప్పాలా, వద్దా

ఇంత ఖర్చూ, ఇంత సమయమూ ఆధారపడేది ఈ ఒక్క నిర్ణయం మీదే. నా లెక్క సూటిగా ఉంటుంది: పిస్టన్ గాని, రింగు గాని, పిన్నును పట్టి ఉంచే సర్క్లిప్ గాని, రీడ్ పెటల్ గాని ముక్కలై, ఆ ముక్కలన్నీ లెక్కకు దొరకలేదంటే కేసు విప్పి తీరాలి. పెట్రోలు పోసి కడిగేస్తే చాలునని, గాలి కొడితే చాలునని చెప్పేవారుంటారు. బిగ్ ఎండ్ బేరింగ్ (రాడ్ పెద్ద చివర క్రాంక్‌కు కలిసే చోటి బేరింగ్) రోలర్ల మధ్య దూరిన ఒక్క అల్యూమినియం తునక, కడిగినా రాదు. అది కొత్త పిస్టన్‌ను, కొత్త పూతను కొద్ది గంటల్లో పాడు చేస్తుంది. పిస్టన్ ముక్కలు కాకుండా కేవలం రాసుకుని ఆగిపోయిన సందర్భంలో మాత్రం కింది భాగాన్ని పరీక్షించి వదిలేయవచ్చు.

ఆ పరీక్ష చేతులతోనే జరుగుతుంది. క్రాంక్‌ను పై స్థానంలో నిలిపి, కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగి తోయాలి. ఆ దిశలో చేతికి తెలిసే ప్లే, అంటే వదులు, ఏమాత్రం ఉండకూడదు. చిన్న టక్కు వినిపించినా బిగ్ ఎండ్ పోయినట్టే. పక్కలకు కదలడం వేరు, అది కొంత ఉండాలి; దాన్ని ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్‌తో పోల్చుకోవాలి. రాడ్ పెద్ద చివర నీలం రంగుకు తిరిగి ఉంటే, అక్కడ నూనె అందక ఉక్కు కాలింది, ప్లే లేకపోయినా దాన్ని నమ్మకూడదు. తరువాత నెమ్మదిగా క్రాంక్ తిప్పుతూ మెయిన్ బేరింగులు గరగరమంటున్నాయేమో చూడాలి.

నీటిలో ఆగిన ఇంజిన్‌కు ఇంకొక పరీక్ష అదనం. నీరు కుదించుకోదు కాబట్టి పైకి వచ్చే పిస్టన్ దానికి గుద్దుకుని ఆగుతుంది, రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ పొట్టిదవుతుంది. పిస్టన్ పై స్థానంలో ఉన్నప్పుడు ముందున్న ఎత్తుకు చేరదు, సిలిండర్ పైఅంచు దగ్గర పాత కార్బన్ గీతకు కాస్త కిందనే ఆగిపోతుంది.

కేసు విప్పేటప్పుడు ఫ్లైవీల్‌ను దాని పుల్లర్‌తోనే తీయాలి, కేసు రెండు భాగాలను స్ప్లిటర్‌తోనే విడదీయాలి. కలిసే తలాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే పడే గాటు, తరువాత ఎంత గాస్కెట్ జిగురు పూసినా గాలిని ఆపదు. టూ స్ట్రోక్‌లో అదే రేపటి గాలి లీకు. ఈ ఇంజిన్లలో క్రాంక్ సాధారణంగా ముక్కలను ప్రెస్‌తో కూర్చి చేసినది. రాడ్ మార్చాలంటే ఆ ముక్కలను విడదీసి, మళ్లీ కూర్చి, రెండు కేంద్రాల మధ్య నిలిపి, డయల్ గేజ్‌తో వంకర చూసి సరిచేయాలి. చాలా ఇంజిన్లలో అనుమతించే వంకర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. దీన్ని సుత్తి, ఊహలతో చేయలేరు. సరైన సాధనాలున్న చోటికి పంపడం లేదా కూర్చి సరిచేసిన కొత్త క్రాంక్ కొనడం మేలు. కేసులో మెయిన్ బేరింగ్ కూర్చునే గుండ్రటి గూడు పగిలినా, బేరింగ్ అందులో చేతితో తిరిగేంత వదులైనా, ఆ కేసును వెల్డింగ్ చేయించి నడపడాన్ని నేను సమర్థించను.

ఫోర్ స్ట్రోక్ ప్రత్యేక కష్టాలు

ఫోర్ స్ట్రోక్‌లో అత్యంత భయంకరమైన దెబ్బ వాల్వు తల విరిగి సిలిండర్‌లో పడడం. పిస్టన్, హెడ్, సిలిండర్, ఒక్కోసారి రాడ్ కూడా ఒకే క్షణంలో పోతాయి. కానీ ఆ ప్రమాదానికి ముందు చాలాసార్లు హెచ్చరిక ఉంటుంది. దుమ్ము కలిసిన గాలి మొదట తాకేది ఇన్‌టేక్ వాల్వులనే. వాటి ముఖం, అవి కూర్చునే సీటు అరిగే కొద్దీ వాల్వు హెడ్ లోపలికి, అంటే పైకి జరుగుతుంది. దానితోపాటు కాడ చివర కూడా కామ్ వైపు జరుగుతుంది. అందువల్ల అరిగిన వాల్వుకు క్లియరెన్స్ (కామ్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండే ఖాళీ) పెరగదు, తగ్గుతుంది. క్లియరెన్స్ సున్నాకు చేరాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, స్టార్ట్ కావడం కష్టమవుతుంది, మూసుకోని అంచు గుండా వేడి వాయువులు దూసుకుపోయి వాల్వు కాలుతుంది. పలుచటి షిమ్ (ఆ ఖాళీని సరిచేసే చిన్న లోహపు బిళ్ల) పెట్టి క్లియరెన్స్ సరిచేయడం ఒకసారి సమంజసమే. కొద్ది గంటల్లోనే రెండోసారి తగ్గితే ఆ వాల్వు ఆయుష్షు తీరింది, మార్చాలి. టైటానియం వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో రుద్ది సీటుకు కూర్చోబెట్టకూడదు. వాటి పైనున్న గట్టి పొర సన్ననిది, అది పోతే మిగిలిన లోహం త్వరగా అరిగిపోతుంది. స్టీలు వాల్వులకు మారేవారు, అవి బరువైనవి కాబట్టి వాటికి తగిన స్ప్రింగులు కూడా మార్చాలి.

కామ్ చైన్ పళ్లు దాటినా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పనిచేయకపోయినా వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతాయి. హెడ్ విప్పకముందే, క్రాంక్‌ను పై స్థానంలో నిలిపి కామ్ గుర్తులు ఎక్కడున్నాయో ఫొటో తీసుకోవాలి; విప్పిన తరువాత చైన్ దాటిందో లేదో ఎవరూ చెప్పలేరు.

బిగ్ ఎండ్ పోయిన ఫోర్ స్ట్రోక్‌లో ఇంకో శ్రమ ఉంది. ఉక్కు పొడి నూనెతోపాటు ఇంజిన్ అంతా తిరిగి ఉంటుంది. ఆయిల్ పంపు విప్పి దాని రోటర్ల మీద గీతలు చూడాలి, జాలీలన్నీ తీసి కడగాలి, పిస్టన్ అడుగున నూనె చిమ్మే సన్నటి జెట్‌ను, కేసులోని ప్రతి నూనె దారిని, కామ్ దాకా వెళ్లే దారితో సహా, ద్రావకంతో కడిగి గాలి కొట్టి, రెండో చివర నుంచి ధారాళంగా వస్తోందో లేదో చూడాలి.

బిగించే ముందు కొలతలు

కొత్త భాగాలు వచ్చాయని కొలవడం మానకూడదు. రింగును ఒంటరిగా సిలిండర్‌లోకి దించి, పిస్టన్ తలతో తోసి సమంగా కూర్చోబెట్టి, చివరల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూడాలి. మాన్యువల్ అందుబాటులో లేనప్పుడు బోర్‌లో ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.1 మిల్లీమీటరు అన్న పాత లెక్క ఒక ఉజ్జాయింపు. ఈ ఖాళీ తక్కువైతే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి గోడను చీల్చుతాయి. ఎక్కువ ఉండడం కంటే తక్కువ ఉండడమే ప్రమాదం. హోనింగ్ (లోపలి గోడను రాపిడి రాళ్లతో సన్నగా రుద్దడం) చేయించిన సిలిండర్‌ను పెట్రోలుతో కాక వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి, నూనె తడిపిన తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండేవరకు కడగాలి. పిన్ను సర్క్లిప్‌లు ఎప్పుడూ కొత్తవే వాడాలి, వాటి తెరిచిన నోరు నిటారుగా పైకో కిందికో ఉండేలా కూర్చోబెట్టాలి. మెయిన్ బేరింగులు మార్చేటప్పుడు కేసును సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, బేరింగును ఫ్రీజర్‌లో ఉంచి తెస్తే, సుత్తి దెబ్బ లేకుండా గూటిలో దిగుతుంది. టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తును మార్చే పవర్ వాల్వును తప్పుగా కూర్చితే అది పిస్టన్‌కు తగులుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో వణుకును తగ్గించే బ్యాలెన్సర్ గుర్తులు తప్పితే ఇంజిన్ ఒళ్లంతా వణుకుతుంది. హెడ్ నట్లను ఎదురెదురుగా, అంచెలంచెలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

అప్పటికి కారణం సరిచేసి ఉండాలి. గాలి లీకు దొరికితే ఆ సీలు మారాలి. క్రాంక్ సీళ్లు రెండూ కలిపి మార్చడమే తెలివైన పని. దుమ్ము కారణమైతే, ఫిల్టర్ వెనుక ఉన్న రబ్బరు పైపు లోపల వేలు పెట్టి రాసి చూడాలి. వేలికి మట్టి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోవడం లేదు, అక్కడ గ్రీజు రాసి బిగించాలి. మిశ్రమం పలుచబడి ఉంటే కార్బురేటర్ జెట్లతోపాటు పెట్రోలు ట్యాంకు మూత మీదున్న గాలి పైపు మూసుకుపోయిందేమో చూడాలి, ఎందుకంటే ట్యాంకులోకి గాలి చేరకపోతే పెట్రోలు దిగడం క్రమంగా తగ్గిపోతుంది. పిస్టన్ ముక్కలైన టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ చాంబర్‌ను కూడా విప్పి తిరగేసి దులిపి కడగాలి. అందులో పడిన ముక్కలు ఒత్తిడి తరంగంతో తిరిగి సిలిండర్‌లోకి రాగలవు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫోర్ స్ట్రోక్‌లో ప్లగ్ తీసి నెమ్మదిగా కిక్ కొడుతూ నూనెను పైదాకా ఎక్కించాలి. టూ స్ట్రోక్‌లో సీళ్ల పరీక్షను మళ్లీ ఒకసారి చేసి, 6 పీఎస్ఐ నిలబడుతుందని చూసుకోవాలి. స్టార్ట్ అయ్యాక కొద్ది నిమిషాలు థ్రాటిల్‌ను మృదువుగా పెంచుతూ తగ్గిస్తూ నడిపి, వేడెక్కగానే ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడపడం రెండు మూడుసార్లు చేయాలి. చల్లారిన ఇంజిన్ మీద నట్ల బిగువును, కూలెంట్ మట్టాన్ని పరీక్షించాలి. తొలి రైడ్ చిన్నదిగా, ఒకే వేగంలో ఎక్కువసేపు నిలపకుండా సాగించి, తిరిగి రాగానే నూనె దించి, మళ్లీ అదే తెల్లటి గుడ్డ గుండా వడకట్టాలి. సన్నటి బూడిద రంగు పొడి కొత్త రింగులు, గేర్లు కుదురుకుంటున్నందుకు వచ్చేది. అయస్కాంతానికి రేకులు అంటుకుంటే మాత్రం బైక్‌ను అక్కడే ఆపి, కేసు మరోసారి విప్పాలి.